తొమ్మిది మిల్లీమీటర్ల రైలుదారి

నౌపడ నుండి గుణుపురం వరకు రైలుమార్గం పొడవు సుమారు 90 కిలోమీటర్లు. దానిని 87వ వంతుకు కుదించి ఇంట్లో నిర్మించదలచిన వానికి ఎంత చోటు కావాలి? లెక్క కష్టమైనది కాదు. కిలోమీటరు పైచిలుకు పొడవు గల గది కావాలి. విశాఖపట్నంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఈ లెక్క వేసుకున్నది మేడమీది పదడుగుల గదిలో కూర్చుని. ఆ గదిలోనూ ఒక గోడ అప్పటికే బట్టల బీరువాకు, ఊరగాయ జాడీలకు చెందిపోయి ఉన్నది. జవాబు చూసి ఆయన చాలాసేపు నవ్వుకున్నారు. ఇంట్లో రైలు వేయదలచిన వారు మొట్టమొదట తేల్చుకోవలసినది ఏమి వదలివేయాలన్నదేనని ఆ లెక్కతోనే ఆయనకు బోధపడింది.

ఆయన ఎంచుకున్న మార్గానికి చిన్నదే అయినా ఒక చరిత్ర ఉన్నది. పర్లాకిమిడి సంస్థానం వారు తమ పట్టణాన్ని హౌరా-మద్రాసు ప్రధాన మార్గంతో కలిపేందుకు వేయించిన రెండున్నర అడుగుల నేరోగేజి లైను 1900లో ప్రారంభమైంది. విడతలవారీగా పెరిగి 1931 నాటికి గుణుపురం చేరింది. బ్రాడ్‌గేజిగా మార్చే నిమిత్తం 2004లో చిన్నబండిని ఆపివేశారు. 2011 నాటికి పెద్దబండి గుణుపురం దాకా వెళ్ళింది. ప్రయాణికులకు మేలే జరిగింది, అందులో సందేహం లేదు. కాని టెక్కలిలో పుట్టి, సెలవులు వచ్చినప్పుడల్లా ఆ బండెక్కి పాతపట్నంలోని అమ్మమ్మగారింటికి వెళ్ళిన పిల్లవాడికి, ఆ బండిలోనే అన్నగారు గార్డుగా పనిచేయగా చూసిన తమ్ముడికి, మేలు జరిగిందన్న సమాధానం చాలలేదు.

బొమ్మరైళ్ళ వినోదం ఐరోపాలో పాతదే. జర్మనీలోని మెర్క్లిన్ సంస్థ 1891లోనే నిర్ణీతమైన గేజి కొలతలతో పట్టాల సెట్లను ప్రవేశపెట్టింది. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ పేరిట 1920 నుండి రైళ్ళు వెలువడినాయి. మన దేశంలో ఈ అభిరుచి గలవారు కొద్దిమందే అయినప్పటికీ, పూణేలో 1998లో తెరిచిన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియాన్ని చూసి ఇంటికి వచ్చి, మంచం కింద ఎంత చోటున్నదో కొలుచుకున్న తండ్రులు లేకపోలేదు.

అటువంటి తండ్రులలో అధికులు చేసే పని ఒకటే. పెట్టెలో వచ్చిన పట్టాలను గుండ్రంగా అమర్చి బండిని వదులుతారు. బండి అర నిమిషంలో బయలుదేరిన చోటికే వస్తుంది. మరల వస్తుంది. మరల వస్తుంది. వారం తిరగకుండా పిల్లలు క్రికెట్టుకు పోతారు, రైలు అటక మీదికి పోతుంది. దీనికి కారణం పిల్లల చంచలత్వమని పెద్దలు అంటారు గాని, ఎక్కడికీ వెళ్ళని బండిని ఎంతసేపని చూస్తారు?

ఆయన గుండ్రని దారి జోలికి పోలేదు. మూడు నెలలపాటు ఒక్క పట్టా కూడా కొనలేదు. పాత క్యాలెండర్ల వెనుకవైపు తెల్లకాగితాలను అతికించి, వాటిమీద అసలు కొలతలలోనే లైన్లు గీసి, అట్టముక్కలతో చేసిన వ్యాగన్లను వేలితో తోసి చూశారు. బల్ల అంచున నిలబడితే చేయి ఎంతవరకు అందుతుందో కొలుచుకున్నారు. రెండున్నర అడుగులు దాటిన చోట బండి పట్టాలు తప్పితే ఎక్కించడం కష్టం. గది తలుపు తెరుచుకునే జాగా, కిటికీ నుండి వచ్చే వానజల్లు, పండుగలకు కొడుకూ కోడలూ వచ్చినప్పుడు గది ఖాళీ చేయవలసిన అవసరం, ఇవన్నీ ఆ కాగితం మీదికి ఎక్కాయి. బల్లను ఒక్కటిగా కాక, బోల్టులతో బిగించి విప్పుకునే ముక్కలుగా చేయాలన్న నిర్ణయం ఆ చివరి కారణం వల్ల జరిగినదే.

కొలతల విషయంలో ఆయనకు అదృష్టం కలిసివచ్చింది. మన నేరోగేజి పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ వస్తుంది. సరిగా తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు ప్రపంచమంతటా దొరుకుతాయి. అవి 160వ వంతుకు కుదించిన ప్రామాణిక గేజి రైళ్ళ కోసం తయారయ్యేవి. పట్టా అదే, పైన నడిచే బండి పరిమాణం మార్చితే చాలు, అది నేరోగేజి అవుతుంది. పైగా ఆస్ట్రియా దేశపు కొండలైన్లు 760 మిల్లీమీటర్ల గేజివి కావడంతో, వాటి నమూనాలు ఇదే పద్ధతిలో తయారవుతున్నాయి. మన గేజికీ వారి గేజికీ తేడా రెండు మిల్లీమీటర్లు. 87వ వంతులో అది కంటికి ఆనదు. ఆయన ఒక చిన్న ఇంజను యంత్రభాగాన్ని తెప్పించి, దానిపై ప్లాస్టిక్ రేకుతో మన పద్ధతి క్యాబిన్‌ను, ఎండకు అడ్డంగా పొడవుగా సాచిన పైకప్పును తానే కట్టుకున్నారు. ఈ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి ఎత్తు 19 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవేలి గోరుకన్న పెద్ద.

మొదటి పలక నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు. ప్లైవుడ్ కింద చెక్క చట్రం, పైన శబ్దం తగ్గించేందుకు కార్క్ షీటు. దానిమీద రెండే పాయింట్లు, మూడు సైడింగులు. ఇంగ్లండులో ఎలన్ రైట్ అనే ఔత్సాహికుడు రూపొందించిన ‘ఇంగ్లనుక్ సైడింగ్స్’ అనే పథకమిది. ఒక సైడింగులో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగిలిన రెండింటిలో మూడేసి. ఇంజను వెనకకూ ముందుకూ కదిలే మెడ భాగంలో ఇంజనుతోపాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. వాటి నంబర్లను చీటీలపై రాసి గ్లాసులో వేసి కుదిపి, అయిదు చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే అయిదు వ్యాగన్లతో బండి కూర్చాలి. వినడానికి పిల్లల ఆటవలె ఉంటుంది. ఎనిమిదింటిలో అయిదింటిని వరుసక్రమంతో ఎంచగల విధాలు 6,720. రోజుకు ఒకటి చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్ళు గడుస్తాయి. నాలుగడుగుల పలక చిన్నదని ఎవరైనా అంటే ఆయన ఈ అంకెను మాత్రం చెప్పి ఊరుకునేవారు.

అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. విస్తరణ అన్న మాట వచ్చింది అన్నగారి వల్ల.

అన్నగారికి ఎనభై దాటినాయి. ఉదయం తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. మనుమల పేర్లు తారుమారవుతాయి. ఒకనాడు ఆయనను మేడమీదికి మెల్లగా నడిపించుకుని వచ్చి, కుర్చీ వేసి, తమ్ముడు బండి నడిపి చూపించారు. అన్నగారు అరగంటసేపు మాట్లాడకుండా చూశారు. అటు తరువాత అడిగారు:

“ఇది ఏ స్టేషనురా?”

“నౌపడ అన్నయ్యా.”

“పెద్దలైను ఏది మరి? కొండలమీంచి వచ్చిన బస్తాలు ఎందులోకి ఎక్కిస్తారు? ఈ బండి ఎక్కడికి పోతుంది?”

మూడు ప్రశ్నలు. మూడింటికీ ఆ పలకమీద జవాబు లేదు. నౌపడ అనే స్టేషను అక్కడ ఉండడానికి కారణమే రెండు గేజిలు కలవడం. చిన్నబండి తెచ్చిన సరుకు పెద్ద వ్యాగన్లకు మారడం, పెద్దబండి దిగిన జనం చిన్నబండికి పరుగెత్తడం. అది లేనిది ఏ ఊరి యార్డయినా కావచ్చు.

అప్పటికి తమ్ముడి మనసులో వేరే పథకం ఉన్నది. గోడ వెంట లైనును సాగించి టెక్కలి స్టేషను కట్టాలని, తాను పుట్టిన ఊరు కనుక, ఆయన నకలు కూడా గీసి పెట్టుకున్నారు. టెక్కలికి, పెద్దలైనుకు రెండింటికీ గదిలో చోటు లేదు. సొమ్ము మాట అటుంచితే, కాలం కూడా లేదు. టెక్కలి తనకోసం, నౌపడ అన్నగారికోసం. అన్నగారికి నౌపడ ఎన్నాళ్ళు గుర్తుంటుందో ఏ వైద్యుడూ చెప్పలేడు. టెక్కలి నకలును చుట్టచుట్టి బీరువా మీద పెట్టారు.

పెద్దలైను అనుకున్నంత సులువు కాలేదు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతులో 19.3. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, విదేశీ ప్రామాణిక గేజికి సరిపోయేవి. మూడు మిల్లీమీటర్ల లోపు తేడాయే కదా అని సరిపెట్టుకునేవారు ఉన్నారు, వారిని తప్పుపట్టనక్కరలేదు. కాని పక్కనే నేరోగేజి ఉన్నప్పుడు ఆ తేడా దాగదు. పెద్దలైను పెద్దదిగా కనిపించకపోతే నౌపడకు అర్థమే లేదు. అందుచేత ఆయన విడి పట్టాలను తెచ్చి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు వాడే రాగిపూత పలకను సన్నని బద్దలుగా కోసి స్లీపర్లుగా పేర్చి, ఇత్తడి ముక్కలో 19.3 మిల్లీమీటర్ల దూరాన రెండు గాట్లు పెట్టిన కొలబద్దతో సరిచూసుకుంటూ, ఒక్కొక్క స్లీపరుకు టంకం పెట్టారు. నాలుగడుగుల దారికి నెలన్నర పట్టింది. కంటి శుక్లాల శస్త్రచికిత్స కోసం మధ్యలో కొన్నాళ్ళు పని ఆపవలసి వచ్చింది కూడా. తమాషా ఏమంటే, ఇంత శ్రమపడి వేసిన ఆ దారిమీద ఏ ఇంజనూ నడవదు. దానికి విద్యుత్తు తీగ కూడా లేదు. రెండు పెద్ద వ్యాగన్లు మాత్రం నిలబడి ఉంటాయి. వాటికీ చిన్న వ్యాగన్లకూ నడుమ ఒక ప్లాట్‌ఫారం, దానిమీద బస్తాలు మోస్తున్న 19 మిల్లీమీటర్ల కూలీలు.

లైను చివరలను దాచడం కూడా ఒక విద్య. పట్టాలు పలక అంచున తెగిపోయినట్లు కనిపిస్తే భ్రమ చెదిరిపోతుంది. ఒకవైపు గూడ్స్ షెడ్డు, మరొకవైపు తాటిచెట్ల వరుస పెద్దలైను కొసలను కప్పివేశాయి. అరవై అడుగుల తాటిచెట్టు లెక్కప్రకారం 21 సెంటీమీటర్లు ఉండాలి. అంత ఎత్తు పెడితే చూపు చెట్లమీదికే పోతుందని ఆయన పదిహేనుకు తగ్గించారు. లెక్కను కన్ను ఒప్పుకోనిచోట కన్నుమాటే వినాలి. పట్టాల నడుమ జల్లెడపట్టిన ఇసుకరవ్వ పోసి, నీళ్ళలో పలచన చేసిన ఫెవికాల్‌కు ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీరు కలిపి చుక్కలుచుక్కలుగా వదిలారు. ఆ సబ్బు లేకపోతే జిగురు ఇసుకలో ఇంకక పైన ముత్యాలవలె నిలుస్తుంది.

పక్కన మూడడుగుల రెండవ పలకమీద ఉప్పుమడులు వచ్చాయి. నౌపడ అనగానే ఉప్పు గుర్తుకు రావడం సహజం. మడులలో నీటికి వార్నిష్ పూతలు సరిపోయాయి. ఉప్పు కుప్పలకు మాత్రం అసలు ఉప్పే వాడాలని ఆయనకు కోరిక. వంటింట్లో నుండి గిన్నె తీసుకుని మేడ ఎక్కబోతుంటే భార్య ఆపారు. “మొదటి ముసురుకే అది చెమ్మగిల్లి నీరు కారుతుందండీ. మీ మేకులూ తీగలూ తుప్పు పడతాయి. ఆ తరువాత నన్ననకండి.” వాకిట్లో వేసే రాతిముగ్గు పొడిని ఆమే డబ్బాతో తెచ్చి ఇచ్చారు. విశాఖ గాలిలో ఆ కుప్పలు నేటికీ తెల్లగా, పొడిగా ఉన్నాయి.

ఇక మూడవ ప్రశ్న. ఈ బండి ఎక్కడికి పోతుంది? ఉప్పుమడులు దాటిన తరువాత ఒక సరుగుడు తోపు, దాని వెనుక చిన్న కంత. కంత అవతల రెండున్నర అడుగుల పలక, దాని ముందు బూడిదరంగు అట్ట. అట్ట వెనుక అయిదు లైన్ల రహస్య యార్డు. అక్కడ ఆయన చేతితో బండ్లను మార్చి, తిప్పి, మరల పంపుతారు. ఈ రంగంలోని వారు దీనిని తెరచాటు రంగస్థలంగా భావిస్తారు. నాటకంలో పాత్ర లోపలికి వెళ్ళినప్పుడు అది వేరే ఊరికి వెళ్ళిందని మనం నమ్మమా? టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం అన్నీ ఆ అట్ట వెనుకనే ఉన్నాయి. నాలుగు, మూడు, రెండున్నర. మొత్తం తొమ్మిదిన్నర అడుగులు. మిగిలిన అరడుగు తలుపు రెక్కది.

పని ముగిసేసరికి ఎనిమిది నెలలు. అన్నగారు రెండవసారి మేడ ఎక్కినప్పుడు మొదట ఏమీ అనలేదు. పెద్ద వ్యాగన్ల వైపు వంగి చూసి, కూలీలు తక్కువగా ఉన్నారన్నారు. బండి సరుగుడు తోపులోకి మాయమవుతుండగా ఆయన స్టేషన్ల పేర్లు వరుసగా చెప్పడం ప్రారంభించారు. చిన్న హాల్టులను సైతం విడువకుండా గుణుపురం దాకా చెప్పారు. చెప్పడం పూర్తయిన తరువాత తమ్ముణ్ణి స్టేషను మాస్టరుగారూ అని సంబోధించి, లైన్ క్లియర్ వచ్చిందా అని అడిగారు. తమ్ముడు వచ్చిందన్నారు.

ఇప్పుడు నెలకు రెండుసార్లు అన్నగారిని తీసుకువస్తున్నారు. గ్లాసులో చీటీలు తీసే పని ఆయనది. వచ్చిన నంబర్లను మరచిపోతారు గనుక గోడకు పలక తగిలించి సుద్దతో రాస్తున్నారు. అయితే ఏ వ్యాగన్‌ను ముందు తీయాలో, దేనిని ఏ సైడింగులోకి నెట్టాలో చెప్పడంలో ఆయనకు పొరపాటు రాదు. కూలీల సంఖ్య నాలుగు నుండి పదకొండుకు పెరిగింది.

మొన్న వేసవిలో దుమ్ము తుడవడానికి పెద్దలైను మీది వ్యాగన్లు రెండింటినీ తీసి పక్కన పెట్టబోతే అన్నగారు చేయి పట్టుకున్నారు. “ఎక్కింపు ఇంకా పూర్తి కాలేదు. సీలు వేయకుండా ఎలా కదుపుతావురా?” తమ్ముడు వాటిని అక్కడే ఉంచి, చుట్టూరా చిన్న కుంచెతో తుడిచారు.