ముగ్గురం రాశాం, ఒకరం వెళ్లాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు చేశారు. పదో తరగతి వరకు మన హాస్టల్లో ఒకే గదిలో ఉండి, తరువాత ఒకే బిజినెస్ స్కూలులో ఎం.బి.ఏ. చదివిన ముగ్గురం మేము. అందుకని కలిసే రాస్తున్నాం.

బిజినెస్ స్కూళ్లలో ‘గ్లోబల్ లెర్నింగ్’ అనే మాట తరచు వినబడుతుంది. విద్యార్థిని కొన్నాళ్లు వేరే దేశానికి పంపి అక్కడి వ్యాపారాన్ని, మనుషులను చూపించడమన్నమాట. అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలు 2012 జనవరిలో మొదటి ఏడాది విద్యార్థులను, సుమారు 900 మందిని, వివిధ దేశాలకు పంపింది. ఇలాంటివి వారం పది రోజుల ప్రయాణాలు. అంతలో ఒక దేశం ఏం అర్థమవుతుందో మాకు అనుమానమే. హాస్టల్‌కు వచ్చిన మొదటి వారంలో మనకేం అర్థమైంది, అన్నం గంట తప్ప!

ఎక్స్ఛేంజి అలా కాదు. ఒక టర్ము మొత్తం అక్కడే చదవాలి. ఫీజు మన స్కూలుకే కడతాం, అక్కడ కట్టనక్కరలేదు. 2018లో ఫ్రాన్సుకు దరఖాస్తు పెడితే మా ముగ్గురి పేర్లూ జాబితాలో వచ్చాయి. ఆ సంతోషం రెండు రోజులే. వీసాకు నెలకు 615 యూరోలు ఉన్నట్టు చూపించాలి. నాలుగు నెలలకు దాదాపు 2 లక్షల రూపాయలు. విమానం టికెట్టు వేరే.

మా ఎం.బి.ఏ. ఫీజు ప్రభుత్వ స్కాలర్‌షిప్పే కట్టింది. విదేశంలోనే పూర్తి పీజీ చేసేవారికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది, తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. బాబాసాహెబ్ 1913లో కొలంబియా వెళ్లింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే కదా. కానీ ఇక్కడ చేరి, నాలుగు నెలలు అక్కడ చదివి వచ్చేవాడు వీటి మధ్య జారిపోతాడు. స్కూలు ఆఫీసులో అడిగితే “అది మీ సొంత ఖర్చు” అన్నారు.

ముగ్గురి దగ్గర ఉన్నదీ, ఇళ్ల దగ్గర అప్పు తెచ్చిందీ కలిపితే ఒక్కరికి సరిపోయింది. చీట్లు వేద్దామనుకున్నాం. కానీ పాస్‌పోర్టు ఉన్నది ఒక్కడికే, గడువు పదిహేను రోజులే. అలా తేలిపోయింది.

అక్కడ మావాడికి నచ్చనివి చాలా ఉన్నాయి, ముఖ్యంగా తిండి. ఒక క్లాసు సంగతి మాత్రం ఫోనులో గంటసేపు చెప్పాడు. ఆ రోజు కేసు, ఫ్రెంచి కంపెనీ డానోన్, బంగ్లాదేశ్‌లోని గ్రామీణ్ కలిసి 2006లో మొదలుపెట్టిన పెరుగు వ్యాపారం. పేద పిల్లల కోసం పోషకాలు కలిపిన పెరుగు, పేరు ‘శక్తి దోయ్’. 80 గ్రాముల కప్పు 5 టాకాలు. ఊళ్లలో ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. 2008లో పాల ధర పెరిగి కప్పు 8 టాకాలు చేస్తే ఊళ్లలో అమ్మకాలు పడిపోయాయి. ఎందుకని?

పేద తల్లులకు పోషకాల విలువ తెలియదు, ప్రచారం పెంచాలి అన్నారు చాలామంది. అంతవరకు క్లాసులో నోరు విప్పని మావాడు చెయ్యెత్తాడు. “ఆ తల్లికి అన్నీ తెలుసు. కూలి డబ్బులో ఉప్పూ నూనే పోగా మిగిలినదానితో 5 టాకాలప్పుడు ఇద్దరు పిల్లలకూ కొనేది. 8 అయ్యాక ఒక్కరికే వస్తుంది. ఒకరికి పెట్టి ఒకరికి మానలేక ఇద్దరికీ మానేసింది” అన్నాడు. మా అమ్మల గురించే చెప్పానురా అన్నాడు మాతో. తరువాత కంపెనీ 60 గ్రాముల కప్పును 6 టాకాలకు తెచ్చిందని ప్రొఫెసరు చెప్పారట.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డిగ్రీలో ఉండగానే పాస్‌పోర్టు తీసుకోండి. పుట్టినతేదీకి పదో తరగతి సర్టిఫికెట్టు పనికివస్తుంది. ఇలాంటి జాబితాలో మీ పేరు వస్తే డబ్బు లేదని వదులుకునే ముందు మాకు ఫోను చేయండి, నంబర్లు వార్డెన్ సారు దగ్గర ఉన్నాయి. ముగ్గురం నెలనెలా కొంత వేస్తున్న ఖాతా ఒకటుంది. ఇప్పటికి ఒక టికెట్టుకు సరిపడా ఉంది. వీసాకు చూపవలసిన సొమ్ము ఇంకా కూడలేదు.