పాత నంబర్లు, కొత్త నంబర్లు

లా ఆఫీసుల్లో మార్పు అనగానే అందరికీ కంప్యూటర్లే గుర్తొస్తాయి. ఈ-ఫైలింగ్, వీడియో విచారణ, ఫోన్లోనే కేసు వివరాలు చూసుకునే సౌకర్యం అన్నీ వచ్చాయి, మంచిదే. కానీ ఒక ఆఫీసు ఎలా మారుతుందో నాకు తెలిసొచ్చింది మాత్రం 2024 జులై 1 తర్వాతే.

ఆ రోజు 1860 నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. ఐపీసీలోని 511 సెక్షన్లు 358కి తగ్గాయి. హత్య 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318కి మారాయి. అసలు తికమక 482 దగ్గర వచ్చింది. సీఆర్‌పీసీలో అది కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. కొత్త సంహితలో అదే నంబరు ముందస్తు బెయిలుది, క్వాష్ 528కి వెళ్లింది. "ఫోర్ ఎయిటీ టూ రెడీ చెయ్" అని సీనియర్ గారు అంటే ఏ పిటిషనో జూనియర్ మళ్లీ అడగాల్సిందే. పైగా జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. పాతది వదలడానికి లేదు, కొత్తది నేర్చుకోక తప్పదు.

మా ఆఫీసులో ఈ చిక్కు విప్పింది మా గుమాస్తా గారు. తెల్లకాగితం మీద గీతలు కొట్టి ఒకవైపు పాత సెక్షన్, మరోవైపు కొత్త సెక్షన్ రాసుకొచ్చారు. ప్రతి క్రిమినల్ కట్ట అట్ట మీద నేరం జరిగిన తేదీని ఎర్ర సిరాతో వేశారు. జూనియర్ కట్ట విప్పకముందే ఏ చట్టమో తెలిసిపోయేది. సీనియర్ గారు ఆయన పక్కన కూర్చుని పట్టిక అంతా సరిచూసి, ఇకమీదట ఇది చూశాకే డ్రాఫ్టు మొదలుపెట్టాలని అందరికీ చెప్పారు.

అదే గుమాస్తా గారు కేసుల సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. కారణం ఆయన డైరీ తెరిస్తే తెలుస్తుంది. క్రితం వాయిదా, కేసు నంబరు, పార్టీల పేర్లు, ఏ దశలో ఉంది, తరువాతి వాయిదా – ఇంతవరకు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటాయి. అంచున సన్నక్షరాలతో ఉండేవి వేరు: "సాక్షి ఊరి నుంచి రావాలి, రెండు రోజుల ముందు ఫోన్", "సర్టిఫైడ్ కాపీ ఇంకా రాలేదు". ఆఫీసు నడిచేది ఆ అంచు మీదే. కొత్త తెర మీద దానికి చోటు లేదు.

ఆయన భయం ఉత్తది కాదు. సివిల్ దావాలో సమన్లు అందాక జవాబు దాఖలుకు గడువు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90. వాణిజ్య దావాలో 120 దాటితే ఆ హక్కే పోతుంది. ఒక్క వాయిదా తప్పితే కేసు డిఫాల్ట్ కింద కొట్టేయొచ్చు, ఎక్స్‌పార్టీ కావొచ్చు. నష్టపోయేది కక్షిదారు. ఇలాంటి చోట తొందరపడనివాణ్ణి మొండివాడనడం అన్యాయం.

సెక్షన్ల పట్టిక పని చేసింది ఎందుకంటే ఆయన అనుభవమే దానికి పునాది అయింది. సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది ఎందుకంటే ఆ అనుభవాన్ని అది పక్కన పెట్టింది. ఇది అర్థమయ్యాక మా పద్ధతి మారింది. సాఫ్ట్‌వేర్‌లో ఏయే గడులు ఉండాలో ఆయన్నే చెప్పమన్నాం. సాక్షికి ఫోన్ చేయాల్సిన తేదీకీ ఒక గడి వచ్చింది. కొంతకాలం డైరీ, కంప్యూటర్ రెండూ నడిచాయి, సాయంత్రం రెంటినీ సరిచూసేవాళ్లం. ఇప్పుడు వాయిదాలు ముందు కంప్యూటర్‌లోనే ఎక్కుతున్నాయి. ఎక్కించేది ఆయనే, కొత్త జూనియర్లకు నేర్పేదీ ఆయనే.

ఆఫీసును మార్చాలనుకునే సీనియర్లను నేను కోరేది ఒక్కటే. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను పిలిచే ముందు మీ గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోండి. పాత పద్ధతి ఏయే ప్రమాదాలను ఆపుతోందో ఆయన చేత చెప్పించి రాసుకోండి. కొత్త పద్ధతి కూడా వాటిని ఆపగలదని ఆయనకు నమ్మకం కుదిరిన రోజున ఆఫీసంతా దాని వెంట నడుస్తుంది.