లావారిస్

గల్ఫ్‌లో పోయిన మనిషిని ఊరికి పంపడం కాగితాల పని. మస్కట్‌లో మన తెలుగువాళ్లెవరికైనా ఆ కష్టం వస్తే, తోచిన సాయానికి నేనూ వెళ్తుంటాను. మరణ ధ్రువపత్రం, ఎంబసీ అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ సర్టిఫికెట్టు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ మొదటికే.

ఈ విసుగంతా ఓసారి మా క్రేన్ ఆపరేటర్ పాజీ దగ్గర వెళ్లగక్కాను. ఆయనది పంజాబ్‌లో తరన్ తారన్ దగ్గరి పల్లె.

"అన్ని కాగితాలున్నాయంటే అదృష్టమే భాయ్ సాబ్. మా చాచాని 1992లో పోలీసులు తీసుకెళ్లారు. పోయాడని చెప్పే కాగితం ఒక్కటీ లేదు" అన్నారు.

ఖలిస్తాన్ పోరు రోజులవి. మిలిటెంట్లు బస్సులాపి అమాయకుల్ని చంపిన సంగతి పాజీ దాచలేదు. కానీ పోలీసులు పట్టుకెళ్లిన వాళ్లు ఏమయ్యారో అడిగితే జవాబు చెప్పే దిక్కు లేదు.

ఆ జవాబు శ్మశానాల రిజిస్టర్లలో దొరికింది. వెతికినవారు జస్వంత్ సింగ్ ఖాల్రా, అమృత్‌సర్‌లో బ్యాంకు ఉద్యోగి. పోలీసులు తెచ్చిన శవాలకు ఖర్చయిన కట్టెల లెక్కలు బయటికి తీశారు. చాలా శవాల ఎదుట ఒకటే మాట: లావారిస్. అంటే మన అనాథ శవం. 1995లో కెనడా వెళ్లి అక్కడి ప్రవాసులకు ఈ సంగతి చెప్పారు. అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చారు. సెప్టెంబర్ 6న ఇంటి ముందు నుంచి ఆయన్నే ఎత్తుకెళ్లారు. శవం కూడా దొరకలేదు.

భార్య పరంజిత్ కౌర్ పోరాటం వదల్లేదు. 2005లో పోలీసులకు శిక్షలు పడ్డాయి. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షల్ని ఖాయం చేసింది. సుప్రీంకోర్టు ఆదేశంపై సీబీఐ అమృత్‌సర్ జిల్లాలోని మూడు శ్మశానాల్లోనే 2,097 దహనాలు తేల్చింది. పూర్తిగా ఆనవాలు దొరికినవి 585, కొంత దొరికినవి 274, అసలు దొరకనివి 1,238.

ఇదంతా మనకు మరీ కొత్తేం కాదు. 'ఎన్‌కౌంటర్' అన్న మాట వెనకేముందని కన్నబిరాన్, బాలగోపాల్ గార్లు దశాబ్దాలపాటు అడిగారు. చనిపోయినవాడు ఏ పార్టీవాడైనా, చట్టం లెక్క చెప్పాల్సిందేనన్నారు.

పాజీ వాళ్ల చాచా ఆ 1,238లో ఉన్నాడో, అసలు ఏ లెక్కలోనూ లేడో ఇంట్లో ఎవరికీ తెలీదు. రేషన్ కార్డులో ఆయన పేరు కొట్టేయించడానికి చాచీ ఏనాడూ ఒప్పుకోలేదట. "వారసులం మేమింతమందిమి ఉండగా లావారిస్ ఎలా అవుతాడు?" అన్నారు పాజీ.