రాయి నీళ్ళలో లేదు

మా పడమటి ప్రకాశంలో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు నీళ్ళనే తిడతాం. తిట్టడంలో తప్పూ లేదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి గారపట్టిన పళ్ళు, వంగని మోకాళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్ని చూశాం! అందుకే నిరుడు మే నెలలో మా ఆయన అర్ధరాత్రి నడుం పట్టుకుని నేల మీద దొర్లుతుంటే మా అత్తయ్య, "ఈ పాపిష్టి నీళ్ళే చేశాయి" అంది. నేనూ అదే అనుకున్నా.

ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు. గ్యాస్ అన్నారు. వారం తిరక్కుండా మూత్రంలో ఆవగింజంత రాయి పడింది, ఇటుక రంగులో. దాన్ని కర్పూరం డబ్బాలో దాచా. ఇక ఇంట్లో టమాటా బంద్, పాలకూర బంద్. ఉలవకట్టు, అరటిదవ్వ రసం, క్యాన్ నీళ్ళు. మళ్ళీ నొప్పి వచ్చింది.

ఈసారి మార్కాపురం రోడ్డులో రైలెక్కి గుంటూరు వెళ్ళాం. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో 9 మిల్లీమీటర్ల రాయి. నా కర్పూరం డబ్బా చూసి డాక్టరుగారు నవ్వలేదు, మెచ్చుకున్నారు. ల్యాబ్‌కి పంపితే అది యూరిక్ యాసిడ్ రాయి అని తేలింది. ఈ రకం మామూలు ఎక్స్‌రేలో కనపడదట, స్కానింగ్‌లోనే తెలుస్తుందట. పాలకూర మానాల్సింది వేరే రకం రాళ్ళకట. నా టమాటా పప్పు అన్యాయంగా పోయింది.

తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించి కాదు. "షుగర్ ఎప్పటినుంచి?"

"లేదండీ" అన్నా నేను. మా ఆయన తల దించుకున్నారు. మూడేళ్ళ కిందట పరీక్ష చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారట. నాకు చెబితే అన్నం తగ్గిస్తానని చెప్పలేదట! అక్కడే ఏడుపొచ్చింది. ఆయన మీద కోపంతో కొంత. రోజూ రాత్రి గుట్టగా అన్నం పెట్టి, నెయ్యి పోసి, ఆదివారం మటన్‌లో కార్జం ముక్కలు ఏరి ఏరి వేసింది నేనే కదా, అందుకు కొంత.

డాక్టరుగారు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తా. పొట్ట పెరిగి, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే, మూత్రంలో పులుపును విరిచే అమ్మోనియాను కిడ్నీ తగినంత తయారుచేయలేదు. మూత్రం పుల్లబడుతుంది. దాని పీహెచ్ 5.5 కంటే తగ్గితే యూరిక్ యాసిడ్ కరగదు, రాయిగా కూడుతుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉన్నా సరే. కార్జం, మటన్, బీరు దానికి తోడవుతాయి.

నీళ్ళ తప్పు అస్సలు లేదనీ కాదు. ఉన్నది తాగకపోవడంలో. మా ఆయనది పలకల పని. ఎండలో, రాతి దుమ్ములో పొద్దస్తమానం ఉండి, చెంబెడు నీళ్ళతో సరిపెట్టేవారు. చెమటకే అదంతా పోతే మూత్రం చిక్కబడదూ? ఇప్పుడు రోజుకి రెండు లీటర్లకు పైగా మూత్రం పోయేలా తాగాలి.

ఒక్క మంచి మాట ఏమిటంటే, ఈ రాయి కరుగుతుంది. పొటాషియం సిట్రేట్ మందు ఇచ్చి, మూత్రం పీహెచ్ 6.5 దగ్గర ఉంచమన్నారు. అక్కచెల్లెళ్ళూ, చదివేసి మందుల షాపుకి పరిగెత్తకండి. కిడ్నీ పనితీరు, రక్తంలో పొటాషియం చూశాకే మాకు రాశారు.

నేనూ షుగర్ చూపించుకున్నా. బోర్డర్‌లోనే ఉంది. ఆ కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అంటించా, ఆయనకి కనపడేలా.

రోజూ పొద్దున ఆయన బాత్రూంలోకి పీహెచ్ కాగితంతో వెళ్తారు. పసుపు పచ్చగా వస్తే పులుపున్నట్టు, ఆకుపచ్చలోకి తిరిగితే మంచిది. మొన్న లోపలి నుంచి అరిచారు, "ఏమే, పచ్చగా వచ్చింది!"

"ఏ పచ్చండీ?" అని పొయ్యి కట్టేసి పరిగెత్తా.