మీటరు మాట, అమ్మాయి మాట

జీడిమెట్ల పారిశ్రామికవాడలో దొరకని పని లేదు. పైపు వంచాలన్నా, లేతు మీద షాఫ్టు తిప్పించాలన్నా వీధి చివరిదాకా వెళ్లక్కర్లేదు. మా ఇంజనీరింగు కాలేజీ పిల్లలు గో-కార్ట్ కట్టుకోవడానికి అక్కడొక షెడ్డులో మూల అద్దెకి తీసుకుంది అందుకే. నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తాను కాబట్టి వైర్ల పని నా మీద పడింది. జట్టులో డ్రైవరు అమ్మాయి. బరువు తక్కువని తీసుకున్నామని ఆమె ముందే అనేవాళ్లు.

స్టీరింగు మీది మీటరు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. మొదటి పరుగులోనే 7,600 దాటింది. మా వాళ్లు వాడింది హోండా జీఎక్స్ 160, నీటి పంపులకి బిగించే చిన్న ఇంజను. గవర్నరు దాన్ని 3,850 దగ్గర పట్టి ఆపుతుంది. అంటే గవర్నరు చెడిపోయి ఉండాలి, చెడగొట్టింది నడిపిన మనిషే అయి ఉండాలి. లాగు పుస్తకంలో 'డ్రైవరు తప్పు' అని రాసేశారు. సీటు ఇంకొకరికిద్దామన్న మాట కూడా వచ్చింది.

ఆ అమ్మాయి మాత్రం ఇంజను అంత వేగంగా తిరగట్లేదనే అంటోంది. వాళ్లమ్మ ఇక్కడే ఒక మందుల కంపెనీలో ప్యాకింగు మిషను మీద పనిచేస్తుంది. మిషను చప్పుడు మారితే ముందు చెవికే తెలుస్తుందన్నది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. చెవి మాట ఎవరూ నమ్మలేదు. అప్పుడామె ఇంకో మాట అంది: "బండి నిలబడి ఉన్నప్పుడు మీటరు 2,800 చూపిస్తోంది మేడమ్. క్లచ్ రెండు వేల దగ్గరే పట్టుకుంటుంది కదా. నిజంగా 2,800 ఉంటే బండి ముందుకి దూకాలి. నిలబడే ఉంది."

ఇంతకంటే మంచి రుజువు నేను ఏ ప్రాక్టికల్ పరీక్షలోనూ వినలేదు.

రాణిగంజ్ నుంచి కాంతితో కొలిచే టాకోమీటరు తెప్పించాం. క్రాంక్ షాఫ్టు చివర మెరిసే టేపు ముక్క అంటించి చూస్తే 1,410. మీటరులో 2,820. సరిగ్గా రెట్టింపు.

కారణం పాఠ్యపుస్తకంలోనే ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకి ఒకసారి మంట పుడుతుందని మేమే నేర్పిస్తాం. మగపిల్లలు మీటరుని ఆ లెక్కకే సెట్ చేశారు. కానీ ఈ చిన్న ఇంజన్లలో అయస్కాంతం ఫ్లైవీలు మీద ఉంటుంది. అది కాయిల్ ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ, అంటే ప్రతి చుట్టుకీ స్పార్కు వస్తుంది. రెండింట్లో ఒకటి పొగ బయటికి పోయే వేళ వస్తుంది, దానితో పనేమీ లేదు. ప్లగ్ వైరుకి చుట్టిన తీగ ఆ రెండింటినీ పట్టుకుంటుంది. పనికిరాని నిప్పురవ్వని కూడా ఆ మీటరు ఎంత శ్రద్ధగా లెక్కపెట్టిందో! ఏ మీటరూ లెక్కపెట్టని పనుల గురించి ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

సెట్టింగు మార్చాక అంకె సగమైంది. అయినా అప్పుడప్పుడూ 3,700 నుంచి 9,000కి ఎగిరి మళ్లీ కిందికి వచ్చేది. ఇది వేరే జబ్బు. మీటరు తీగని ప్లగ్ వైరుకి ఏడెనిమిది చుట్లు చుట్టి, మిగిలినదాన్ని ఇంజను ఆపే స్విచ్చి వైరుతో కలిపి కట్టేశారు. ప్లగ్గు కూడా రెసిస్టరు లేనిది బిగించారు. పేరులో 'ఆర్' ఉన్న బీపీఆర్6ఈఎస్ పెట్టి, చుట్లు తగ్గించి, తీగని విడిగా నడిపించాక అంకె కుదురుకుంది. ఆ తీగని మళ్లీ కట్టింది ఆ అమ్మాయే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి కారులో వెళ్తూ, దారిలో ఒరుసుకుపోయిన ఇగ్నిషను తీగకి తన మేజోళ్ల పట్టీ చుట్టిందని చెప్తారు. ఆ కథ చెప్తే మా పిల్ల నవ్వి, ఇన్సులేషను టేపు అడిగింది.

'డ్రైవరు తప్పు' అన్న వాక్యం లాగు పుస్తకంలో అలాగే ఉంది. కొట్టెయ్యమని ఎవరికీ తోచలేదు. ఆమే పెన్ను తీసుకుని అడ్డంగా గీత గీసి, కింద రాసింది: 'మీటరు సెట్టింగు తప్పు. చుట్టుకి ఒక స్పార్కు.' తేదీ వేసి, సంతకం చేసింది. పెన్సిలుతో కొడితే సరిపోయేది కదా అన్నాడొకడు.