రెండు జీపీయూలు, వారానికి 30 గంటలు

నేను గడ్డిఅన్నారంల హాస్టల్ల ఉండి బీటెక్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మొఖం చూసింది నేనే మొదలు. సెలవుల్లో తండాకు పోయినప్పుడు యాడి, ముసలోళ్లు మాట్లాడిన గోర్‌బోలి ఫోన్ల రికార్డు చేసిన. మన బోలికి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లో రాసుకొని, మాట వింటే రాసే మోడల్‌కు నేర్పిస్తున్న.

జీపీయూ కొనే స్తోమత లేదు. కాగుల్‌ల ఫోన్ నంబరు వెరిఫై చేసుకుంటే వారానికి సుమారు 30 గంటలు ఉచితం, రెండు టీ4 జీపీయూలు ఒకేసారి ఇస్తరు. రెండున్నయి కదా, సగం టైమ్‌ల అయిపోతదనుకుంటం. అట్ల కాదు.

ఒక్కో జీపీయూ తన వంతు ఆడియో చూసి, మోడల్ల ఏ అంకె ఎంత మార్చాల్నో లెక్క తీస్తది. అదే గ్రేడియంట్. తర్వాత రెండూ లెక్కలు కలుపుకొని సగటు తీయాలె, లేకుంటే రెండు మోడళ్లు రెండు దార్ల పోతయి. నా మోడల్ల సుమారు 9.5 కోట్ల పారామీటర్లు, ఒక్కోటి 4 బైట్లు. అంటే ప్రతి అడుగుకు 38 కోట్ల బైట్లు అటూ ఇటూ. టీ4ల మధ్య పీసీఐఈ దారి సెకనుకు 16 జీబీ అనుకున్నా, కాగితం మీదనే 24 మిల్లీసెకన్లు. అన్ని వేల అడుగుల్ల జీపీయూ ఊకే కూసుంటే నా 30 గంటలే కరుగుతయి.

ఇక్కడ ఉపాయం ఉంది. గ్రేడియంట్ లెక్క చివరి పొర నుంచి మొదటి పొరకు వస్తది. చివరి పొరలవి ముందే తయారైతయి కదా, అవి పంపుతుండంగనే మిగతా పొరల లెక్క నడవొచ్చు. పండ్ల మార్కెట్ ఇక్కడున్నప్పుడు బాపు హమాలీ చేసిండు. లారీ మొత్తం దిగేదాక ఎవ్వరాగుతరు? ముందు దిగిన మామిడికి వేలం నడుస్తుంటే వెనకది దిగుతనే ఉంటది. (ఇప్పుడు మార్కెట్ బాటసింగారం పోయింది, అది వేరే బాధ.)

పైటార్చ్‌ల డీడీపీ వాడితే ఇది దానంతట అదే చేస్తది. గ్రేడియంట్లను 25 ఎంబీ బకెట్లల్ల నింపి, నిండింది నిండినట్టు పంపుతది. బకెట్ మరీ చిన్నదైతే పంపే ఖర్చు మాటిమాటికీ పడుతది, మరీ పెద్దదైతే నిండేదాక ఆగాలె. పాత డేటాపారలల్ జోలికి పోకండి.

అయితే పంపే టైమ్ లెక్క టైమ్‌ను మించితే దాచలేం. పంపుడు కూడా జీపీయూ కోర్ల మీదనే నడుస్తది, లెక్క కొంచెం నిదానమైతది. ఏ100లకు సెకనుకు 600 జీబీ ఎన్‌వీలింక్ ఉంటది, టీ4కు అది లేదు. అందుకే నేను నో_సింక్ పెట్టి, నాలుగు బ్యాచ్‌ల లెక్క కూడబెట్టి ఒక్కసారే కలుపుతున్న.

ఇదంతా పెద్ద ల్యాబుల ముచ్చట, మనకెందుకని ఒక సీనియర్ అన్నడు. మా తండాల పాత మాటలు తెలిసిన ముసలోళ్లు నలుగురే మిగిలిండ్రు. ల్యాబు వచ్చేదాక వాళ్లుంటరా? కోయ, గోండి, కొలామి మాట్లాడేటోళ్లు మీ ఇండ్లల్ల రికార్డు మొదలుపెట్టండి. నా కోడ్ కావాలంటే అడగండి, ఇస్త.