హైదీకి జడ ఎందుకు లేదు?

స్విట్జర్లాండ్ అనగానే మనకి సినిమా పాటలే గుర్తొస్తాయి. వెనక మంచుకొండ, ముందు పచ్చిక, మధ్యలో చలికి వణుకుతూ పల్చటి చీరలో హీరోయిన్! అదే జపాన్ వాళ్లని అడగండి... ఓ ఐదేళ్ల పాప పేరు చెబుతారు. ఆ పాపే హైదీ. ఆమెని వెతుక్కుంటూ వాళ్లు దిగే ఊరు మైయెన్‌ఫెల్డ్.

జ్యూరిచ్‌లో రైలెక్కితే గంటన్నర ప్రయాణం. దారి పొడవునా కిటికీ పక్కన సరస్సులు, ఆ తర్వాత కొండలు. మైయెన్‌ఫెల్డ్ స్టేషన్ చిన్నదే. బయటికొచ్చి నాలుగు వీధులు దాటితే ద్రాక్షతోటలు మొదలవుతాయి. వాటి మధ్య నుంచి నడక దారిలో పైకెళితే, ఫాల్క్‌నిస్ శిఖరం కింద హైదీడోర్ఫ్ వస్తుంది. అంటే హైదీ పల్లె అన్నమాట.

ఇంతకీ ఎవరీ హైదీ? జొహన్నా స్పిరి అనే స్విస్ రచయిత్రి 1880లో రాసిన నవలలో పాప. అమ్మానాన్నలు లేని హైదీని పిన్ని తీసుకొచ్చి, కొండ మీద ఒంటరిగా ఉండే తాతయ్య దగ్గర వదిలేసి పోతుంది. ఎవరితోనూ మాట్లాడని ఆ ముసలాయన మనసు పాప రాకతో ఎలా కరిగిందన్నదే కథ. 1974లో జపాన్‌లోని ఫుజి టీవీ దీన్ని 52 భాగాల కార్టూన్ సీరియల్‌గా ప్రసారం చేసింది. తర్వాత అది స్పెయిన్, జర్మనీ, ఇటలీ... ఇలా దేశాలు దాటి పిల్లల్ని టీవీల ముందు కూర్చోబెట్టింది.

విమానమెక్కిన నలుగురు

మరి ఎక్కడో టోక్యోలో కూర్చుని ఆల్ప్స్ కొండల్ని అంత బాగా ఎలా గీశారు? కూర్చుని గీయలేదు కాబట్టే! 1973 వేసవిలో దర్శకుడు ఇసావో తకహత, చిత్రకారులు హయావో మియజాకి, యోయిచి కొటాబె, నిర్మాణ బాధ్యతలు చూసే జుంజో నకజిమ కలిసి స్విట్జర్లాండ్ వచ్చారు. పిల్లల కార్టూన్ కోసం విదేశాలకెళ్లి లొకేషన్లు చూసి రావడమన్నది అప్పట్లో జపాన్ టీవీ వాళ్లకి కొత్త. మైయెన్‌ఫెల్డ్ చుట్టుపక్కల తిరిగారు, కథలో పట్నం వచ్చే ఫ్రాంక్‌ఫర్ట్ కూడా చూశారు. ఇళ్ల కప్పులు ఎలా ఉన్నాయి, గడ్డి ఎక్కడ దాస్తారు, మేకలు ఏ వాలులో మేస్తాయి... అన్నీ కళ్లతో పట్టుకెళ్లారు.

జడ సంగతి కూడా ఆ ప్రయాణంలో తేలిందే. పాత్రల బొమ్మలు గీసే బాధ్యత కొటాబెది. ఆయన మొదట హైదీకి రెండు జడలు వేశాడు. స్విస్ పల్లెటూరి పిల్ల అంటే జడలే కదా అనుకున్నాడు మరి. స్పిరి రచనల గురించి బాగా తెలిసిన ఓ పెద్దాయన ఆ బొమ్మ చూసి ఒక్క ప్రశ్న వేశాడట. కొండ మీద ఒంటరిగా బతికే ముసలితాత రోజూ పొద్దున్నే ఐదేళ్ల పిల్లకి జడలు వేస్తాడా అని. అంతే! జడలు పోయి, పొట్టి జుట్టు వచ్చింది. ఇవాళ లోకమంతా గుర్తుపట్టే ఎర్రబుగ్గల పాప ముఖం అలా పుట్టింది.

పార్కింగులో గంతులు

టైటిల్ పాటలో హైదీ, పీటర్ చేతులు పట్టుకుని గుండ్రంగా గెంతుతారు చూడండి, దాని వెనక కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఆ కదలిక సరిగ్గా రావాలని మియజాకి, కొటాబె ఇద్దరూ స్టూడియో పార్కింగు స్థలంలో చేతులు పట్టుకుని గెంతారు. దాన్ని ఫిల్ముకెక్కించి, అది చూసి యసుజి మోరి బొమ్మలు గీశాడు. గడ్డాలూ మీసాలూ వచ్చిన మగాళ్ల గంతులే తెరమీద పిల్లల ఆటగా మారాయన్నమాట!

అలాగని పుస్తకాన్ని మక్కీకి మక్కీ దించలేదు. తాతయ్య ఇంట్లో ఎప్పుడు చూసినా కునుకు తీసే పెద్ద కుక్క జోసెఫ్ నవలలో ఎక్కడా లేదు. సీరియల్ వాళ్లు పుట్టించిందే. పిల్లలు మాత్రం దాన్ని ఇంటి మనిషిలాగే చూశారు.

అన్నట్టు ఈ కథలో రాక్షసుల్లేరు, యుద్ధాల్లేవు, మంత్రాల్లేవు. గడ్డి పరుపు మీద నిద్ర, మేకపాలు, నిప్పుసెగకి కరిగే జున్ను... ఇదే వారం వారం. ఇదెవరు చూస్తారు అనిపిస్తుంది. కానీ అదే ఏడాది అక్టోబరులో ‘అంతరిక్ష యుద్ధనౌక యమాటో’ అనే సీరియల్ సరిగ్గా ఇదే ఆదివారం సాయంత్రం వేళకి వేరే ఛానెల్లో పోటీకి దిగితే, ప్రేక్షకులు హైదీ వైపే ఉండిపోయారు. కరిగే జున్ను ముందు అంతరిక్ష ఫిరంగులు నిలబడలేకపోయాయి!

వారానికో భాగం అంటే మాటలు కాదు. 52 భాగాలకీ ఏ దృశ్యంలో ఏది ఎక్కడ ఉండాలో మియజాకే గీసిచ్చాడు. తకహత, ఆయన కలిసి 1985లో స్టూడియో జిబ్లీ పెట్టారు. వాళ్ల సినిమాల్లో వంటా, గాలీ, గడ్డీ అంత నిజంగా ఉంటాయంటే, ఆ సాధన ఈ సీరియల్‌లో బాగా జరిగింది.

చూడాల్సింది ఇదీ

ఇక హైదీ పల్లెకి వస్తే, టికెట్ కొని లోపలికెళ్లగానే పాతకాలపు రైతు ఇల్లు. వంటగది, చెక్కబల్ల, దాని చుట్టూ హైదీ, తాతయ్య బొమ్మలు. పెరట్లో మేకలు. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. హైదీ కల్పిత పాత్ర. ఇది ‘ఆమె ఉన్న ఇల్లు’ కాదు, ఆ రోజుల్లో అలాంటి పిల్ల ఎలా బతికేదో చూపించే ఇల్లు. టీవీలో చూసిన గుడిసె అచ్చంగా అలాగే దొరుకుతుందని వెళితే నిరాశే మిగులుతుంది.

అందుకే ఫొటో దిగేసి తిరుగు రైలెక్కేయకండి. కాళ్లలో సత్తువ ఉంటే అక్కణ్ణుంచి పైకి, అడవి దారిలో ఓక్సెన్‌బర్గ్ మీదున్న గుడిసె దాకా నడవండి. పిల్లలు వెంట ఉంటే ఓ నోటుపుస్తకం, పెన్సిలు చేతికివ్వండి. కప్పు ఏటవాలుగా ఎందుకుంది, మేక మెడలో గంట ఎందుకు కట్టారు... అడగనివ్వండి, గీయనివ్వండి. వీలైతే పొద్దు వాలే దాకా ఆగండి. ఆకాశం తేటగా ఉంటే కొండ అంచులు ఎర్రబడతాయి. కొండకి నిప్పంటుకుందని హైదీ కంగారు పడింది ఆ వెలుగు చూసే.